టు-లెట్ బోర్డు మీద రాయని షరతు

కారంచేడు (1985) గురించి రాసుకున్నాం. చుండూరు (1991) గురించి రాసుకున్నాం. గుడి గురించి, బావి గురించి, రెండు గ్లాసుల హోటళ్ల గురించి దళిత ఉద్యమం పాటలు కట్టింది, కరపత్రాలు వేసింది, కోర్టులకు పోయింది. ఊరు దాటి చదువుకోవడానికి టౌనుకొచ్చిన దళిత విద్యార్థి రాత్రి ఎక్కడ తల వాలుస్తడు అన్న ప్రశ్నకు మాత్రం ఆ స్థాయి చర్చ దక్కలేదు. అది ‘రూము సమస్య’గా, కుర్రకారు ఇబ్బందిగా, జూన్ నెలలో వచ్చి ఆగస్టుకల్లా సర్దుకుపోయే చిన్న చికాకుగా మిగిలిపోయింది. ఆ ప్రశ్నను మేము జహీరాబాద్‌లో నిలబడి అడుగుతున్నాం.

మా వాదన సూటిగా చెప్తాం. రిజర్వేషన్ కాలేజీ గేటు దాకా వస్తది. గేటు అవతల ఊరున్నది. ఆ ఊరిలో కిరాయి గది కావాలంటే దళిత విద్యార్థి అడ్వాన్సు కంటే ముందు ఇంకొకటి కట్టాలె: తన పేరు. ఈ సంగతి కనబడకుండా మూడు మాటలు అడ్డం నిలబడి ఉన్నాయి. ‘ఫ్యామిలీ’ అనేది ఇంటి ఓనరు మాట. ‘బ్యాచిలర్’ అనేది సినిమా మాట, కథల మాట. ‘డే స్కాలర్’ అనేది సర్కారు ఫైలు మాట. మూడింటిలోనూ కులం పేరు ఉండదు. మూడూ చేసేది కులం పనే. ఈ మూడు మాటలను విప్పి చూడటమే ఈ విమర్శ పని.

జహీరాబాద్ ఎందుకు?

హైదరాబాద్ నుంచి షోలాపూర్, పుణె వైపు పోయే 65వ నంబర్ జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న టౌను ఇది. 2016 దాకా మెదక్ జిల్లా, ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ ఒకే బజార్ల వినబడుతయి. వికారాబాద్ నుంచి బీదర్ పోయే రైలు ఇక్కడ ఆగుతది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్నది, చెరుకు ఉన్నది, అల్లం, ఆలుగడ్డ ఉన్నయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి పేరుతో వేల ఎకరాల భూసేకరణ నడిచింది. చుట్టూ ఉన్న న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్, కోహీర్, మొగుడంపల్లి మండలాల పిల్లలు చదువుకు ఈ టౌనుకే రావాలె.

ఈ ఇలాకా దళితులకు ప్రపంచంలో పేరున్నది. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి నడిచిన మహిళా సంఘాలలో ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. బీడు భూముల్లో చిరుధాన్యాలు పండించిండ్రు, విత్తనాలు దాచిండ్రు, కెమెరా పట్టిండ్రు, 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నరు. పరిశోధకులు దేశదేశాల నుంచి వచ్చి వాళ్ల విత్తనాల మీద పుస్తకాలు రాసిండ్రు. బాగుంది. ఆ తల్లుల తరానికి భూమి ప్రశ్న ముందుకొచ్చింది. వాళ్ల పిల్లల, మనవల తరానికి చదువు ప్రశ్న వచ్చింది. చదువు వెంట టౌను వచ్చింది. టౌను వెంట గది వచ్చింది. విత్తనం దాచిన ఇంటి నుంచి వచ్చిన పిల్ల తన ఇంటిపేరు ఎందుకు దాచుకోవాల్సి వస్తున్నదో అడిగే పరిశోధన కూడా కావాలె గదా!

నగరాల మీద కొంత పని జరిగింది. సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాల్లో కిరాయి ఇండ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. పేరులో తప్ప మిగతా విషయాల్లో ఒకే తీరుగా ఉన్నవాళ్లతో ఇల్లు అడిగించి చూసిండ్రు. పేరు మారితే జవాబు మారింది. దళితులకు కొందరు ఓనర్లు లేదన్నరు, కొందరు షరతులు పెట్టిండ్రు, ఇంకొందరు కిరాయి పెంచిండ్రు. ముస్లింలకు అంతకంటే ఎక్కువ తలుపులు మూసుకున్నయి. ఢిల్లీలో పేరు అడిగితే సరిపోతది. జహీరాబాద్ లాంటి చిన్న టౌనులో పేరు ఒక్కటి అడిగి ఊరుకోరు. అక్కడ ఊరు తెలుసు, ఊరి మనుషులు తెలుసు. టౌనుకొస్తే ఎవరూ గుర్తుపట్టరు అనే పాత నమ్మకం హైదరాబాద్‌లో ఎంతోకొంత పనిచేస్తదేమో గాని, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌనులో పనిచేయదు.

‘ఫ్యామిలీలకే ఇస్తం’

గది అడగడానికి పోయిన పిల్లగానికి ఎదురయ్యే ప్రశ్నల వరసను ఒక పాఠంలాగ చదువుదాం. ‘మీదే ఊరు తమ్మీ?’ ఇది పలకరింపు. ‘ఇంటిపేరేంది?’ ఇది రెండోది. ఇంటిపేరుతో తేలకపోతే ‘ఊర్ల ఏ దిక్కు మీ ఇల్లు?’ అని వస్తది. ఊరికి దిక్కులున్నయి, ఆ దిక్కులకు కులాలున్నయి. ఏ దిక్కో చెప్తే అన్నీ చెప్పినట్టే. ‘బాపు ఏం పని చేస్తడు?’ నాలుగోది. ‘చర్చికి పోతరా?’ అయిదోది. మెదక్ చర్చి (1924) కట్టిన నేల ఇది. మిషనరీల కాలం నుంచి ఈ దిక్కు మాల మాదిగ వాడల్లో చర్చి ఉన్నది. అందుకని ఈ ప్రశ్న దేవుడి గురించి కాదని అడిగేటోళ్లకు తెలుసు, చెప్పేటోళ్లకూ తెలుసు. ఆఖరుకు ‘ఏం తింటరు?’ అని. అక్కడ పెద్దకూర మాట ఎత్తకుండానే ఎత్తినట్టయితది.

ఇన్ని ప్రశ్నల్లో ‘నీ కులమేంది?’ అని ఒక్కటి కూడా లేదు. ఎవరి మీదా కేసు పెట్టడానికి పనికొచ్చే మాట ఒక్కటి కూడా లేదు. జవాబు కూడా అంతే మర్యాదగా వస్తది: ‘మేం ఫ్యామిలీలకే ఇస్తం తమ్మీ’, ‘నిన్ననే ఒకాయన అడ్వాన్సు ఇచ్చి పోయిండు’, ‘మా పెద్దాయనను అడిగి చెప్తం.’ అదే గది వారం తర్వాత ఇంకో విద్యార్థికి దొరుకుతది. అతనూ బ్యాచిలరే. ‘మనోళ్లేనా?’ అన్న ప్రశ్న దగ్గర అతనికి తల ఊపే వీలున్నది, ఇతనికి లేదు. ‘ఫ్యామిలీ’ అన్న మాటకు ఓనరు నిఘంటువులో అర్థం పెండ్లి అయినోళ్లు అని కాదు. మనోళ్లు అని.

గది దొరికినా కథ ముగియదు. ఊరిలో బావి దగ్గర జరిగింది ఇక్కడ మోటరు స్విచ్ దగ్గర జరుగుతది. సంపు ఎవరు ముట్టాలె, ట్యాంకు నీళ్లు ఎన్ని గంటలకు వదలాలె, మెట్ల కింది బాత్రూము ఎవరికి, మేడ మీద బట్టలు ఎవరివి ఎక్కడ ఆరాలె అన్నవి కాగితం మీద ఎక్కడా రాసి ఉండని అగ్రిమెంటు. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథలో నీళ్ల చుట్టూ ఉన్న కట్టుబాటును చూపించిండు. ఆ బావి పూడి, బోరు పడ్డది, కట్టుబాటు పూడలేదు. గోడకు అంబేడ్కర్ ఫోటో పెడితే ‘మేకులు కొట్టొద్దు, సున్నం రాలుతది’ అంటరు. పక్క గదిలో దేవుడి ఫోటోలకు కొట్టిన మేకులతో సున్నం రాలదు మరి!

జహీరాబాద్‌లో ముస్లిం ఓనర్లు కూడా చాలామంది ఉన్నరు. అక్కడ తిండి పేచీ ఉండదు, చాలామంది పిల్లలు ఆ ఇండ్లల్లో ఉండి చదువుకున్నోళ్లే. ఇది చెప్పుకోవాల్సిన సంగతి. అయితే కులం హిందూ ఇంటి గడప దగ్గరే ఆగిపోతదని అనుకుంటే పొరపాటు. నిజాం రాజ్యంలో ఉన్న దౌలతాబాద్ కోట దగ్గర 1934లో అంబేడ్కర్ బృందం చెరువు నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నందుకు అక్కడి ముస్లింలు మీదికొచ్చిన సంగతి ఆయనే రాసిపెట్టిండు. అట్లాగే మాలవాడ నుంచి వచ్చినోళ్లు, మాదిగవాడ నుంచి వచ్చినోళ్లు గది పంచుకునే దగ్గర కూడా అడగాల్సిన ప్రశ్నలున్నయి. ఓనరును విమర్శించే నోరు రూమ్మేటు దగ్గర మూతబడొద్దు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలె. మగపిల్లగానికి గది దొరకకపోతే స్నేహితుని గదిలో, ఎవరో అన్న ఇంటి వరండాలో నాలుగు రోజులు గడుస్తది. ఆడపిల్లకు ఆ దారి లేదు. ఆమెకు గది ఇచ్చే ఓనరు కూడా గదితో పాటు కాపలా ఇస్తడు: ఎన్నింటికి వచ్చింది, ఎవరు వచ్చిండ్రు, ఫోనులో ఎవరితో నవ్వింది. దళిత పిల్ల అయితే ఆ చూపులో ఇంకో అనుమానం కలుస్తది. గది దొరకని పిల్ల బస్ పాసు తీసుకొని ఊరి నుంచి వచ్చిపోతది. ప్రాక్టికల్స్ పొద్దుగూకే దాకా ఉంటే ఆఖరు బస్సు పోతది. రెండు మూడు సార్లు బస్సు పోయినంక ఇంట్ల మాట మొదలయితది, సంబంధాలు చూస్తరు. తర్వాత కాలేజీ రిజిస్టర్‌లో ఆ పిల్ల పేరు పక్కన ‘డ్రాపౌట్’ అని పడుతది. గది దొరకలేదు అని రాసే గడి ఆ రిజిస్టర్‌లో లేదు.

చీర కట్టిన బ్యాచిలర్

తెలుగు సమాజం కిరాయి గదిని ఎట్లా ఊహించుకున్నదో చూడాలంటే సినిమా దగ్గరికి పోవాలె. తొంభైల మొదట్లో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’ ఇప్పటికీ టీవీలో వస్తే జనం ఛానెల్ మార్చరు. బ్యాచిలర్లకు ఇల్లు దొరకదు. ఇల్లు కోసం నరేశ్ చీర కట్టి ఇల్లాలి వేషం వేస్తడు. ఆ వేషం చుట్టూ సినిమా అంతా నవ్వులు. మేమూ నవ్వుకున్నం, అందులో దాపరికం లేదు. విమర్శకు వచ్చేది నవ్వు కాదు, ఆ నవ్వు దేని మీద నిలబడ్డది అన్నది.

అది ఒక నమ్మకం మీద నిలబడ్డది. గది అడిగే మనిషికి ఉన్న ఒకే ఒక్క లోపం పెండ్లి కాకపోవడం. ఆ లోపానికి వేషం సరిపోతది. వేషం బయటపడ్డా కొంప మునగదు. కామెడీ నియమమే అది. మన మధ్యతరగతి కథల్లో ఇల్లు వెతుక్కునే గుమాస్తా కూడా ఈ బ్యాచిలర్‌కు అన్నలాంటోడే. నీళ్లు రాని కొళాయి, గయ్యాళి ఓనరమ్మ, నెలాఖరు కష్టం అన్నీ ఉంటయి. ఆ గుమాస్తాను ఇంటిపేరు అడిగితే అది పరిచయం అయితది, చుట్టరికం కలుస్తది, కాఫీ వస్తది. అదే ప్రశ్న దళితుడిని అడిగితే విచారణ అయితది. ఒకే ప్రశ్న ఒకరికి కాఫీ, ఇంకొకరికి గేటు. ఈ తేడా చూడలేని సాహిత్యం ‘కిరాయి ఇండ్ల కష్టాలు’ అని అందరినీ ఒకే గాట కట్టింది. దాన్ని సార్వజనీనం అన్నది.

దళిత విద్యార్థి కూడా వేషం వేస్తడు. చీర కట్టడు, ఇంటిపేరు మారుస్తడు. కొందరు పేరు చివర తోక తగిలించుకుంటరు, కొందరు ఊరి పేరు మార్చి చెప్తరు, కొందరు నాయన పనిని ‘వ్యవసాయం’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటరు. తల్లి చూడడానికి వస్తే బస్టాండ్ దగ్గరే మాట్లాడి పంపుతరు. ఈ వేషం మీద సినిమా రాలేదు. వస్తే అది కామెడీ కాదు. వేషం వేసినోడికి రాత్రిపూట నిద్రల కూడా మెలకువగా ఉండాల్సిన బతుకు అది.

బరోడా, 1917

ఈ వేషం కథను తొలిసారి రాసింది అంబేడ్కరే. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని చిన్న పుస్తకం. ఆయన రాతల్లో ఇది సిద్ధాంత గ్రంథాల పక్కన ఒదిగిపోయి ఉంటది. మా దృష్టిలో కిరాయి గది గురించి మనకున్న మూల గ్రంథం ఇది.

అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి. చదివించిన బరోడా సంస్థానానికి కొలువు చేయాలని 1917లో అక్కడికి పోయిండు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పని ఉన్నది. ఉండడానికి చోటు లేదు. హిందూ హోటళ్లలో రానియ్యరు. పార్సీల సత్రం ఒకటి దొరికింది. పార్సీ కానోళ్లకు అక్కడ చోటు లేదు. సత్రం చూసేటాయనతో ఒప్పందం చేసుకొని రిజిస్టర్‌లో పార్సీ పేరు రాయించిండు. పైఅంతస్తు, చీకటి, పాత సామాన్లు, మినుకుమినుకుమనే లాంతరు. తోడు గబ్బిలాలు. జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నది అంటరానోడికి లేని గుడి ప్రవేశం దానికి ఉన్నదని. బరోడా సత్రంలో కూడా గబ్బిలాలను ఎవరూ పేరు అడగలేదు. పదకొండో రోజు పొద్దున పది పన్నెండు మంది పార్సీలు కర్రలు పట్టుకొని వచ్చిండ్రు. పొద్దుగూకేసరికి ఖాళీ చేయమన్నరు.

ఆ తర్వాత భాగం ఇంకా శ్రద్ధగా చదవాలె. ఇద్దరు స్నేహితులు ఉన్నరు: ఒకాయన హిందువు, ఒకాయన క్రైస్తవుడు. హిందూ స్నేహితుడు నువ్వొస్తే మా నౌకర్లు పోతరన్నడు. క్రైస్తవ స్నేహితుడు భార్యను అడిగి చెప్తనన్నడు. ‘మా పెద్దాయనను అడిగి చెప్తం’ అనే జహీరాబాద్ జవాబు నూరేండ్ల కిందటే బరోడాలో వినిపించింది. చెడ్డవాళ్లే తలుపు మూస్తరని మనం అనుకుంటం. మంచివాళ్లు తమ తలుపు ఎందుకు తెరవలేకపోయిండ్రో అంబేడ్కర్ రాసిండు. ఆ సాయంత్రం కామాఠీబాగ్ తోటలో కూచుండి, రాత్రి బండికి బొంబాయి పోయిండు. కొలువు పోయింది. చదువు తక్కువై పోలేదు, పని రాక పోలేదు. గది లేక పోయింది.

ఈ అనుభవం తర్వాత ఆయన ఏం చేసిండో కూడా చూడాలె. 1924లో పెట్టిన బహిష్కృత హితకారిణి సభ మొదటి పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో విద్యార్థుల హాస్టల్ తెరవడం. అంతకుముందే కొల్హాపూర్‌లో షాహు మహారాజు హాస్టళ్లకు దారి వేసిండు. చదువు అంటే బడి ఒక్కటే కాదు, బడి దగ్గర ఉండే చోటు కూడా అని వాళ్లకు తెలుసు. షోలాపూర్ మనకు పరాయి ఊరు కాదు; జహీరాబాద్ మీదుగా పోయే సడక్ అక్కడికే పోతది.

బరోడాకు 99 ఏండ్ల తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. 2016 జనవరిలో రోహిత్ వేముల, ఇంకో నలుగురు దళిత విద్యార్థులు హాస్టల్ గదుల నుంచి పరుపులు మోసుకొని బయటికొచ్చిండ్రు. వాళ్లకు వేసిన శిక్షలో క్లాసులకు పోవడం మీద నిషేధం లేదు. హాస్టల్ మీద ఉన్నది. చదువుకోవచ్చు, ఉండొద్దు. వాళ్లు నిలబెట్టుకున్న గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నరు. అంతకంటే కచ్చితమైన సాహిత్య విమర్శ మాకు తెలియదు. జనవరి 17న రోహిత్ పోయిండు. ఆ చావు మీద చాలా చర్చ జరిగింది. దానికి ముందు జరిగిన శిక్ష గదిని లాక్కోవడమే అన్న సంగతి మాత్రం చర్చలో వెనక్కి పోయింది.

‘డే స్కాలర్’ అనే అబద్ధం

ఇక సర్కారు మాటకొద్దాం. దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉన్నది. అది లేకపోతే ఇవాళ ఈ పత్రిక రాసేటోళ్లు, చదివేటోళ్లు చాలామంది ఇక్కడ ఉండరు. అందుకే దాన్ని జాగ్రత్తగా విమర్శించాలె.

ఆ పథకం విద్యార్థులను రెండుగా విడదీస్తది: హాస్టల్‌లో ఉండేటోళ్లు, డే స్కాలర్లు. 2010 రేట్ల ప్రకారం మామూలు డిగ్రీ చదివే విద్యార్థికి నెలకు హాస్టల్‌లో ఉంటే 570 రూపాయలు, డే స్కాలర్ అయితే 300. 2021లో మార్చిన కేంద్ర నిబంధనల్లో అదే తరగతికి ఏడాదికి 6000, 3000. ఏడాదికి 3000 అంటే నెలకు 250. జహీరాబాద్‌లో ఏ రేకుల రూముకు 250 కిరాయి ఉన్నది? రూముకు కాదు, రూములో వాడుకున్న కరెంటుకు కూడా సరిపోదు. పైగా అది కూడా నెలనెలా రాదు. అడ్వాన్సు జూన్‌లో కట్టాలె, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో ఆ దేవునికెరుక.

లెక్క కంటే ముందు మాటలో తప్పున్నది. డే స్కాలర్ అంటే పొద్దున ఇంటి నుంచి వచ్చి సాయంత్రం ఇంటికి పోయేటోడు. అందుకే వానికి తక్కువ ఇస్తరు. తిండి, నీడ ఇంట్లో ఉన్నయి గదా అని. కిరాయి గదిలో ఉండేటోడు అట్లా ఇంటికి పోయేటోడు కాదు. హాస్టల్‌లోనూ లేడు. ఫైలులో వానికి గడి లేదు గనుక డే స్కాలర్ గడిలో తోసేసిండ్రు. హాస్టల్ సీటు దొరకనోడికి హాస్టల్ సీటు దొరికినోడి కంటే ఖర్చు ఎక్కువ, సాయం తక్కువ. ఇది పొరపాటున జరిగిన లెక్క కాదు. దళిత పిల్లలు సర్కారు కట్టిన గోడల మధ్యనో, వాడలోనో ఉంటరు తప్ప, టౌను నడిబొడ్డున కిరాయిదారుగా ఉండరని అనుకునే బుద్ధిలోంచి వచ్చిన లెక్క.

హాస్టళ్లు వద్దని మేము అనడం లేదు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల కాలంలో వచ్చిన గురుకులాలు, 2016లో ఎస్సీ ఆడపిల్లల కోసం పెట్టిన గురుకుల డిగ్రీ కాలేజీలు వేలమందిని నిలబెట్టినయి. ఇంకా కావాలె. అయితే హాస్టల్ కట్టించి, దాన్ని చూపించి టౌనును వదిలెయ్యడం కుదరదు. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’లో రైల్వే క్వార్టర్స్ ఒక దళిత కుటుంబం నడకను ఎట్లా మార్చిందో రాసిండు. అక్కడ ఇల్లు నౌకరీని బట్టి వచ్చింది. ఇచ్చేటోనికి ఇంటిపేరు మీద వీటో లేదు. అదే సూత్రం విద్యార్థికి ఎందుకు వర్తించదు?

చట్టంలో ఉన్నది, వాడకంలో లేనిది

చట్టం ఏమీ చెప్పలేదా? చెప్పింది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం 1976 సవరణ తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, పొందకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం దాని 4వ సెక్షన్ కింద నేరం. 7వ సెక్షన్ వివరణలో ‘బహిష్కరణ’ అంటే ఏందో చెప్తూ, ఇల్లు కిరాయికి ఇవ్వననడాన్ని కూడా చేర్చిండ్రు. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం: బాధితులు షెడ్యూల్డ్ కులం వాళ్లయితే, కాదని రుజువయ్యే దాకా అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు భావించాలె. అంటే ‘కులం మాట నేనెత్తలేదు గదా’ అనే ఓనరు మర్యాదకు చట్టం దగ్గర జవాబున్నది.

ఉన్నా, రేపు పరీక్ష ఉన్న పిల్లగాడు ఇవాళ రాత్రి పడుకోవడానికి చోటు వెతుక్కుంటడా, పోలీస్ స్టేషన్‌కు పోతడా? కేసు గెలిచినా ఆ ఇంట్లో ఉండగలుగుతడా? అందుకని కేసుల భారాన్ని ఒంటరి విద్యార్థి మీద వేయకుండా సంఘాలు తీసుకోవాలె. ఒక టౌనులో ఒక్క కేసు గట్టిగా నడిస్తే పది గేట్ల దగ్గర ప్రశ్నలు తగ్గుతయి.

ఇంకొకటి మా పాఠకుల దృష్టికి తేవాలె. పోస్ట్‌మెట్రిక్ పథకం 2010 నిబంధనల్లో హాస్టల్ అంటే ఏందో నిర్వచించిన దగ్గర ఒక వెసులుబాటు ఉండింది. కాలేజీ హాస్టల్‌లో చోటు ఇవ్వలేకపోతే, కనీసం అయిదుగురు విద్యార్థులు కలిసి కిరాయికి తీసుకొని, మామూలుగా వంట కూడా కలిసి చేసుకునే ఇంటిని కాలేజీ ప్రిన్సిపాల్ తనిఖీ చేసి ఆమోదిస్తే హాస్టల్‌గానే లెక్కించాలని. అంటే కిరాయి గది ఉన్నదన్న నిజాన్ని సర్కారు ఒకసారి కాగితం మీద ఒప్పుకున్నది. మన రాష్ట్రంలో కూడా విద్యార్థులే నడుపుకునే హాస్టళ్లు అనే పద్దు స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో వాడుకలోకి వచ్చింది. ఈ వెసులుబాటు గురించి ఎంతమంది ప్రిన్సిపాళ్లు తమ నోటీసు బోర్డుల మీద పెట్టిండ్రు? ఎంతమంది విద్యార్థి నాయకులు దీన్ని పట్టుకొని దరఖాస్తులు పెట్టించిండ్రు?

ఇందులో డబ్బు కంటే పెద్ద సంగతి ఉన్నది. అయిదుగురు ఒక్క పేరు మీద, కాలేజీ ఉత్తరం చేతబట్టుకొని ఇల్లు అడిగితే ఆ ప్రశ్నల వరస మారుతది. ఒంటరిగా పోయినోడిని ‘మీరెవరోళ్లు?’ అని అడిగే ఓనరు, కాలేజీ తరఫున వచ్చినోళ్లను ‘ఎన్ని నెలలకు కావాలె?’ అని అడుగుతడు. అడగకపోతే అప్పుడు లేదన్నది ఒక పిల్లగానికి కాదు, ఒక కాలేజీకి. సాక్ష్యం కూడా ఉంటది.

రాయాల్సిన గది

చివరగా మన సాహిత్యం సంగతి. దళిత సాహిత్యం వాడను రాసింది, చెరువుగట్టును రాసింది, కూలి నాటును రాసింది. గోగు శ్యామల కథల్లో ఈ ఇలాకాకు దగ్గరి తాండూరు దిక్కు మాదిగవాడ తన భాషతోనే సాహిత్యంలోకి వచ్చింది. ఆ భాషలోనే కిరాయి గది కూడా రావాలె. ఊరు వదిలి వచ్చిన మనిషి కథ ‘ఎదిగిండు’ అన్న దగ్గర ఆగిపోతే లాభం లేదు. ఎదిగినోడు రాత్రి ఏ పేరుతో పడుకున్నడో రాయాలె. అబద్ధం పేరు చెప్పిన పిల్లను తప్పుపట్టకుండా, ఆ అబద్ధం చెప్పించినోళ్లను వదలకుండా రాయాలె. బస్టాండ్ నుంచే తిరిగిపోయిన తల్లిని రాయాలె. ఆమె అంతా తెలిసే తిరిగిపోయిందని రాయాలె.

అధ్యాపకులకు ఒక మాట. తరగతిలో అంటరానితనం పాఠం చెప్పేటప్పుడు పాత ఫోటోల నుంచి మొదలుపెట్టకుండా, మీ పిల్లలను గది ఎట్లా దొరికిందో అడగండి. కులం ఎప్పుడో పోయిందనే పిల్లలు కూడా ఆ జవాబులు వింటరు. కార్యకర్తలకు ఒక మాట. జూన్ నెలలో అడ్మిషన్ల హెల్ప్ డెస్కులు పెడుతున్నం, మంచిది. దాని పక్కనే గదుల బల్ల కూడా వేయాలె: ఎవరు ఇచ్చిండ్రు, ఎవరు లేదన్నరు, ఏం ప్రశ్నలు అడిగిండ్రు, తర్వాత ఆ గది ఎవరికి పోయింది అని తేదీలతో రాసిపెట్టాలె. మూడేండ్లు రాస్తే అది జహీరాబాద్ మీద ఎవరూ కాదనలేని పరిశోధన అయితది. విద్యార్థులకు మేము చెప్పేది తక్కువ, వాళ్ల దగ్గర వినాల్సింది ఎక్కువ. ఒక్కటి మాత్రం చెప్తాం: గది కోసం పేరు మార్చుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఆ సంగతి అయిదుగురు కలిసిన దగ్గర బయటికి చెప్పుకోండి, రాసి మాకు పంపండి.